వంటగట్టూ, పద్నాలుగో ప్రశ్నా

రాళ్ళబ్బాయి మొదటిసారి ఆ ఇంటి వంటగదిలో అడుగు పెట్టేసరికి అమ్మ ఇస్త్రీ బల్ల మీద బంగాళాదుంపలు తరుగుతోంది.

అతను ఆ బల్లనీ, దుంపల్నీ, మూలన ఇటుకల మీద కూర్చోబెట్టిన స్టవ్‌నీ వరసగా చూశాడు. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి ఏమీ అడగలేదు.

"అలా చూడకు బాబూ," అంది అమ్మ. "రెండు నెలలుగా మా వంటగట్టు ఇదే. మొన్న దీని మీదే మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తే ఉల్లిపాయ వాసన పట్టింది. ఆ చొక్కాతోనే పెన్షనర్ల మీటింగుకి వెళ్ళారు. పక్కన ఎవరూ కూర్చోలేదట."

"కూర్చున్నారు," అని హాల్లోంచి నాన్న గొంతు వినిపించింది. "ఒక కుర్చీ వదిలేసి కూర్చున్నారు."

ఈ భాగోతానికంతటికీ కారణం అమ్మడు. అంటే ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు.

అమ్మడు బొమ్మల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పని చేస్తుంది. ఎలుగుబంటి బొమ్మ చెవులు పట్టి లాగడం, కళ్ళు ఊడతాయేమోనని గిల్లి చూడడం, కుందేలు తోక పట్టుకుని పదిసార్లు గిరగిరా తిప్పడం ఆమె ఉద్యోగం. ఆమె చేతిలో నెగ్గిన బొమ్మని ఏ పసివాడూ పాడు చేయలేడని ఫ్యాక్టరీలో పేరు. అలాంటి పిల్ల మనుషుల దగ్గరికొచ్చేసరికి పప్పులో కాలేసింది. వంటింట్లో పాత గట్టు బీటలు వారితే కొత్తది వేయించే పని తన నెత్తిన వేసుకుని, నిగనిగలాడే ఫొటోల పుస్తకం చూపించి నోటి నిండా నవ్విన ఓ కాంట్రాక్టర్ని వెంటపెట్టుకొచ్చింది. ఆ నవ్వులాయన ఒక్క పూటలో పాత గట్టంతా పీకి పారేశాడు. "రేపు పొద్దున్నే వస్తా మేడమ్," అన్నాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. ఫోన్ చేస్తే రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి పలుకుతుంది. అమ్మ ఆ గొంతుతో కూడా రెండుసార్లు పోట్లాడింది.

నాన్నేమో హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. తప్పు ఎక్కడ కనబడినా ఎర్రపెన్ను కోసం జేబు తడుముకునే మనిషి.

"గట్టు వేసేవాణ్ణే ఎంచుకోలేనిదానివి, రేపు మొగుణ్ణేం ఎంచుకుంటావే?" అన్నారు ఒకరోజు.

ఆయన మనసులో ఒక మొగుడు సిద్ధంగా ఉన్నాడు. పక్కవీధి సైన్సు మాస్టారి మేనల్లుడు. మంచివాడే పాపం. ఏది అడిగినా "మీరెలా అంటే అలానేనండీ" అంటాడు. కాఫీయా టీయా అని అడిగినా అదే మాట. అమ్మడు ఒకసారి అతనితో అరగంట మాట్లాడి ఇంటికొచ్చాక, అక్కడ తను కాక ఇంకో మనిషి ఉన్నాడో లేడో అని గట్టిగా అనుమానపడింది.

అందుకని ఉక్రోషంకొద్దీ పందెం కాసింది. "ఈసారి కూడా కాంట్రాక్టర్ని నేనే ఎంచుతా నాన్నా. గట్టు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటే నా పెళ్ళికొడుకుని నేనే చూసుకుంటా. తేడా వచ్చిందా, ఆ మేనల్లుడికి సరేననేస్తా."

"మాట మీద నిలబడాలి మరి," అని నాన్న చెయ్యి కలిపారు.

"నా వంటిల్లు పెట్టి తండ్రీకూతుళ్ళు జూదమాడండి," అంది అమ్మ, స్టవ్ ముందు గొంతుక్కూర్చుని.

మాటైతే అనేసింది గానీ, అన్న మరుక్షణం అమ్మడికి ఆ నవ్వులాయన గుర్తొచ్చాడు. ఇక తప్పదని కూర్చుని ఇరవై ఒక్క ప్రశ్నలు టైపు చేసింది. ఒక్కో ప్రశ్న పక్కనా టిక్కు పెట్టడానికి బుల్లి గడి కూడా గీసింది.

మొదట వచ్చినాయన టై కట్టుకుని వచ్చాడు. ఏది అడిగినా "జీవితాంతం గ్యారంటీ మేడమ్," అన్నాడు. ఎవరి జీవితం అని అడిగితే ఫోన్ వచ్చినట్టు నటిస్తూ వెళ్ళిపోయాడు. రెండో ఆయన అసలు రానేలేదు. "ఫొటో పంపండి చాలు, గోడలు సూపర్‌గా ఉన్నాయి," అన్నాడు, ఫొటో పంపకముందే. మూడో మనిషి ఈ రాళ్ళబ్బాయి.

ఆ పేరు అమ్మ పెట్టింది. రెండు చెవుల మీదా రెండు పెన్సిళ్ళు, నడుముకి టేపు, కనురెప్పల మీద పిండి జల్లినట్టు తెల్లటి రాతిపొడి. రెప్ప వేసినప్పుడల్లా కాస్త రాలుతోంది. తనిఖీకి వచ్చిన కళ్ళు గోడలు చూడాలి గానీ, అమ్మడి కళ్ళు ఆ రెప్పల్ని లెక్కపెడుతున్నాయి.

"మొదటి ప్రశ్న," అంది గొంతు సవరించుకుని. "గ్రానైట్ మీద మరకలు పడతాయా?"

"పడతాయండీ."

అమ్మడి పెన్ను ఆగిపోయింది. "ఇంతకుముందు వచ్చినాయన జీవితాంతం గ్యారంటీ అన్నారు."

"నూనె ఒలికితే వెంటనే తుడవాలండీ. రాత్రంతా వదిలేస్తే రాయి పీల్చేసుకుంటుంది. ఏడాదికోసారి పైన సీలర్ పూయించుకుంటే చాలావరకు ఆగుతుంది. చాలావరకే."

"ఆరో ప్రశ్న. అతుకు కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది. ఇదిగో, సింకుకి ఇవతల వస్తుంది. వంగి చూస్తే కనిపిస్తుంది, చేత్తో తడిమితే తగలదు."

"అందరూ కనిపించదనే చెప్తున్నారు."

"వాళ్ళు వేసిన గట్లు చూశారా?"

"లేదు."

"నావి చూడండి. మూడిళ్ళ అడ్రసులు రాసిస్తా. నేను లేకుండా వెళ్ళండి. నేను పక్కనుంటే మొహమాటానికి బాగుందంటారు."

అమ్మడు టిక్కు పెట్టింది. పెట్టాక అది మామూలు కంటే పెద్దగా వచ్చిందని గమనించి పేజీ తిప్పింది.

"పద్నాలుగో ప్రశ్న. కస్టమర్లకి ఎప్పుడైనా సాకులు చెప్పారా?"

అతను కాసేపు నిజంగానే ఆలోచించాడు. "లేదండీ. ఆలస్యమైతే అయిందనే చెప్తా. సాకు చెప్తే దాన్ని గుర్తుపెట్టుకోవాలి. నాకు కొలతలు గుర్తుపెట్టుకోవడానికే బుర్ర చాలదు."

"చివరిది. పని అయ్యాక ఏదైనా తేడా వస్తే మళ్ళీ వస్తారా?"

"పిలిస్తే వస్తా."

"పిలవకపోతే?"

అతను ఆమె చేతిలోని కాయితంలోకి తొంగిచూశాడు. "ఆ ప్రశ్న ఇందులో లేదనుకుంటానండీ."

నిజమే, లేదు. అది ఎక్కడినుంచి ఊడిపడిందో అమ్మడికే తెలియలేదు. చెవులు వేడెక్కాయి. బంగాళాదుంపలు తరుగుతున్న అమ్మ చాకు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

అప్పటిదాకా అంతా బాగానే ఉంది. అతను టేపు తీసి, ఇనుప మూలమట్టం గోడల మూలకి ఆనించి, పెన్సిలుతో ఏదో రాసుకుని, "మీ మూల తొంభై లేదండీ," అన్నాడు. "తొంభై మూడు డిగ్రీలుంది."

హాల్లో పేపరు మడిచిన చప్పుడు. నాన్న గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"ఏంటన్నావ్?"

"మూల మూడు డిగ్రీలు విచ్చుకుందండీ. తొంభైకి కోసిన రాయి పెడితే చివర్లో రెండు వేళ్ళ సందు వస్తుంది."

"ఈ గోడ కట్టినప్పుడు నేనిక్కడే నిలబడ్డాను బాబూ," అన్నారు నాన్న. గొంతు ఎనిమిదో తరగతికి పాఠం చెప్పే గొంతైపోయింది. "బ్లాక్‌బోర్డు మీద గీతలు గీసే నా చెక్క మూలమట్టం స్వయంగా పట్టుకుని మేస్త్రీకి చూపించి మరీ కట్టించాను. ఆ మట్టం ఇప్పటికీ అటక మీదుంది. అది లంబకోణం. తొంభై."

"తొంభై మూడండీ."

"తొంభై."

"మీరు తొంభై అనుకోండి మాస్టారూ. రాయి మాత్రం తొంభై మూడుకే కోస్తాను."

నాన్న అమ్మడి వైపు తిరిగి, "ఇతను ఫెయిల్," అని ప్రకటించి వెళ్ళిపోయారు.

అమ్మడు ఆ ఆదివారం మూడిళ్ళకీ వెళ్ళింది. గట్ల మీద నిమ్మరసం పిండింది, అతుకుల మీద గోరుతో గీకింది, కింద దూరి టార్చి వేసి చూసింది. మూడో ఇంటి ముసలావిడ ఆమె చేష్టలన్నీ చూసి, "ఆ అబ్బాయి నా మొహం మీదే చెప్పాడమ్మా, మీరు ఎంచిన రంగు బాగాలేదని. మా ఇంట్లో నిజం చెప్పేది అద్దం తర్వాత అతనే," అంది.

"ఇతన్నే పెట్టుకుందాం నాన్నా," అంది అమ్మడు ఇంటికొచ్చి.

"నా గోడ వంకరన్నవాణ్ణా?"

"అందుకే. మిగతా ఇద్దరిలో ఒకరు గోడ కొలవనేలేదు, ఇంకొకరు చూడకుండానే సూపరన్నారు."

పందెం ప్రకారం ఎంపిక అమ్మడిదే కాబట్టి నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు.

అలా రాళ్ళబ్బాయి వచ్చి అట్ట నమూనా చేశాడు. రాయి కోసేముందు గట్టు ఎంత ఉండాలో అంతా పలచటి అట్టతో అచ్చంగా కత్తిరించి, గోడకి ఆనించి, సరిపోయాక ఆ అట్టని రాయి మీద పరిచి కోస్తారు. అట్టకి తప్పొస్తే ఇంకో అట్ట దొరుకుతుంది. రాయి ఒకసారి తెగిందంటే తెగిందే.

నమూనా గోడకి అతికినట్టు సరిపోయింది. అతను దాన్ని చుట్టుకుని వెళ్ళాడు. రెండ్రోజులకి మళ్ళీ పట్టుకొచ్చాడు.

"ఒక కొలత కొంచెం అనుమానంగా ఉందండీ."

కొలిచాడు. చాలాసేపు కొలిచాడు. కొలుస్తున్నంతసేపూ అమ్మడు టేపు రెండో కొస పట్టుకుంది. టేపు ఎంత పొడుగున్నా ఆ రోజెందుకో పొట్టిగానే అనిపించింది ఇద్దరికీ.

మరో మూడ్రోజులకి మళ్ళీ వచ్చాడు. "కిటికీ పక్క ఇంకోసారి చూస్తే మంచిదనిపించిందండీ."

"మా కిటికీ ఎక్కడికీ పోలేదు బాబూ, రా," అంది అమ్మ. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి డబ్బాలు సర్దడం మొదలుపెట్టింది.

ఆ రోజు అతను కిటికీ దగ్గర టేపు పెట్టాడో లేదో, వాన దంచి కొట్టడం మొదలైంది. అట్ట తడిస్తే పాడవుతుంది. మనిషి తడిసినా ఫరవాలేదన్నాడు గానీ అమ్మ ఒప్పుకోక టీ పెట్టింది. గట్టు లేని వంటింట్లో, తిరగేసిన రెండు బకెట్ల మీద ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ టీ తాగారు.

"బొమ్మల్ని అంతలా లాగితే జాలెయ్యదా?" అన్నాడు.

"ఇంటికెళ్ళాక పసివాళ్ళ చేతుల్లో ఊడకూడదు కదా. అందుకే ముందే లాగి చూస్తాం. మీరు రాళ్ళని లాగి చూడరా?"

"తట్టి చూస్తాం. బాగున్న రాయి ఖంగుమంటుంది. లోపల బీట ఉంటే డొల్లగా మోగుతుంది."

"మనుషుల్ని?"

"మనుషుల్ని తడితే కొడతారండీ."

అమ్మడు టీ పొలమారేలా నవ్వింది. వాన ఇంకాస్త పడితే బాగుండునని వానాకాలం అంటే పడని ఆ పిల్ల మొదటిసారి అనుకుంది.

అట్టని భోజనాల బల్ల మీద వదిలేసి, రేపు వ్యాను పంపిస్తానని అతను లేచాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గొడుగు ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చింది. గులాబీ రంగు, పైన రెండు ఎలుగుబంటి చెవులు. అతను ఆ చెవుల్ని ఒకసారి లాగి చూశాడు.

"ఊడవు," అంది అమ్మడు. "నేనే చూశాను."

"అయితే ధైర్యంగా వెళ్తా," అని ఆ గొడుగు వేసుకుని వీధిలోకి దిగాడు. చెవుల గొడుగు మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది.

కొంప మునిగింది మర్నాడు.

సాయంత్రం అమ్మడు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి వ్యాను వచ్చి నమూనా తీసుకుపోయింది. నాన్న కులాసాగా కూనిరాగం తీస్తున్నారు. అది మంచి శకునం కాదు. ఆయన బల్ల మీద జామెట్రీ బాక్సు తెరిచి ఉంది. పక్కన కత్తెర. కత్తెర కింద కొడవలిలా సన్నటి అట్టముక్క.

"నాన్నా, ఇదేంటి?"

"దిద్దాను," అన్నారు నాన్న తృప్తిగా. "తొంభై మూడు పెట్టి ఉంది. కోణమానినితో కొలిచి తొంభైకి కత్తిరించాను. పాపం కుర్రాడికి రాయి దండగైపోతుందని."

"ఆయన గోడ చూసి చేశాడు నాన్నా."

"నేను గోడ కట్టించి చెప్తున్నాను."

మధ్యాహ్నమంతా తప్పు లెక్క కళ్ళెదురుగా పడుంటే, దిద్దకుండా ఆగడం ఆయన ఒంట్లో లేదు. అందులో ఏ కుట్రా లేదు. పందెం సంగతి ఆ నిమిషంలో ఆయనకి గుర్తు కూడా లేదు. కానీ రాయి తెగితే గట్టు సందు పడుతుంది, పందెం పోతుంది, మేనల్లుడు వస్తాడు. అమ్మడు చెప్పులు సరిగ్గా తొడుక్కుందో లేదో కూడా చూసుకోకుండా పరుగెత్తింది.

రాళ్ళ షెడ్డులో చెవులు చిల్లులు పడేంత చప్పుడు. కటింగ్ మిషన్ మీద నీళ్ళు చిమ్ముతున్నాయి. అతను చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకుని ఓ నల్లరాయి మీద వంగి ఉన్నాడు.

"ఆపండి," అంది. వినపడలేదు. అరిచింది. అయినా వినపడలేదు. ఎదురుగా వెళ్ళి రెండు వేళ్ళతో కత్తెరలా ఆడించి చూపించింది. అతను అయోమయంగా తన జుట్టు తడుముకున్నాడు. ఇక లాభం లేదని గోడ మీదున్న పెద్ద ఎర్ర బటన్ నొక్కేసింది.

మిషన్ ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. రేడియో ఆగింది. నలుగురు పనివాళ్ళు నాలుగు మూలల నుంచీ ఆమెని చూశారు.

"ఆ అట్ట," అంది రొప్పుతూ, "నేనే కత్తిరించాను. పొరపాటున."

అతను బిరడాలు తీసి, బల్ల మీద అట్టని ఎత్తి ఆమె ముందు పెట్టాడు. కత్తిరించిన అంచు పక్కన ఎర్రసిరాతో '90°' అని ఉంది. దాని కింద 'ఇకమీదట జాగ్రత్త' అని ఉంది. దాని కింద నాన్న సంతకం.

"మాస్టారి సంతకం బాగా పెట్టారండీ," అన్నాడు. "అచ్చం ఆయన పెట్టినట్టే ఉంది."

అమ్మడు తల దించుకుంది.

"భయపడకండి. ఈ మిషన్ మీదున్నది వేరేవాళ్ళ రాయి. మీది ఇందాకే తెగింది. తొంభై మూడుకే."

"అట్ట ఇలా ఉంటే ఎలా కోశారు?"

"ఆ గోడ నాకు కంఠతా వచ్చేసిందండీ. మూడుసార్లు కొలిచానుగా."

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ప్రాణంతోపాటు అనుమానం కూడా వచ్చింది. "అవునూ, అసలు మూడుసార్లు ఎందుకు కొలిచారు?"

అతను గబగబా బిరడాలు మళ్ళీ చెవుల్లో పెట్టుకున్నాడు. "ఏంటండీ? వినపడట్లేదు."

షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది. ఒక పనివాడు దగ్గాడు.

"సరే, ఒక్క సాయం చెయ్యండి," అంది అమ్మడు, బిరడా ఒకటి తనే పీకేసి. "బిగించే రోజు నాన్న ఎంతని అడుగుతారు. తొంభై అనండి. ఆయన సంతోషిస్తారు, గొడవ వదిలిపోతుంది."

"అలా అనలేనండీ."

"ఒక్క అంకె. అంటే మీ సొమ్మేం పోతుంది?"

"మీరు నన్ను ఎంచుకున్నదే ఆ తొంభై మూడు కోసం. ఇప్పుడు నేనే మార్చేస్తే, ఆరో ప్రశ్నకీ పదో ప్రశ్నకీ నేను చెప్పినవి మీరెలా నమ్ముతారు?"

"మిమ్మల్ని ఎంచుకోవడమే తప్పనిపిస్తోంది," అనేసి ఆమె వచ్చేసింది. అతను తలూపి మళ్ళీ రాయి మీదకి వంగాడు. అరిచి ఉంటే బాగుండేది.

బస్సులో కూర్చున్నాక అసలు సంగతి తెలిసొచ్చింది. గట్టు భయం పోయింది. ఉన్న భయమంతా అతని గురించే. ఆ మనిషంటే తనకి ఇష్టం, కనురెప్పల మీది రాతిపొడితో సహా. రేపు నాన్న మొహం మీద మళ్ళీ తొంభై మూడన్నాడంటే ఆయన అతన్ని జన్మలో గడప తొక్కనివ్వరు. పందెం నెగ్గి ఏం లాభం, ఎంచుకోవలసినవాణ్ణి ఇంట్లోకి రానివ్వనప్పుడు? ఏడుపొచ్చింది. పక్క సీటావిడ కడుపులో తిప్పుతోందనుకుని, కిటికీ తెరవమంటారా అని అడిగింది.

బిగించే రోజు రాయి మోయడానికి షెడ్డు పనివాళ్ళు నలుగురూ వచ్చారు. రాళ్ళబ్బాయి ఆమె వైపు చూడలేదు. ఆమె కూడా చూడలేదు. ఇద్దరూ చూసుకోకుండా ఉండటానికి పడుతున్న అవస్థ అమ్మకి మాత్రం బాగా కనబడింది.

నల్లటి పలక గాల్లో తేలి, మెల్లగా దిగి, గోడ వైపు జరిగి, మూలలోకి వెళ్ళి కూర్చుంది. వెంట్రుక పట్టే సందు లేదు. రసమట్టం పెడితే బుడగ సరిగ్గా మధ్యలో ఆగింది. పనివాళ్ళు చేతులు దులుపుకుని బయట వ్యాను దగ్గరికి వెళ్ళారు.

"చూశారా," అన్నారు నాన్న చేతులు వెనక్కి కట్టుకుని. "తొంభైకి దిద్దాను కాబట్టే ఇలా కూర్చుంది. ఏం బాబూ? ఎంత ఇది?"

అమ్మడు కళ్ళు మూసుకుంది.

రాళ్ళబ్బాయి గట్టు మీది తడి తుడుస్తూ, "మీ చెక్క మూలమట్టం అటక మీదుందన్నారు మాస్టారూ," అన్నాడు. "తెప్పించండి. నేను చెప్పడమెందుకు, మీరే చూద్దురు."

నాన్న స్టూలెక్కి తనే తెచ్చుకున్నారు. దుమ్ము దులిపి, ముప్ఫై రెండేళ్ళ గర్వంతో దాన్ని మూలకి ఆనించారు. రెండు గోడలకీ రెండు అంచులూ అతుక్కుపోయాయి. ఎక్కడా చీకటి గీత కూడా లేదు.

"తొంభై," అన్నారు నాన్న. ఆయన మొహం వెలిగిపోయింది.

వెలిగిన మొహం అక్కడే ఆగింది. ఎంతైనా లెక్కల మాస్టారు. తను దిద్దకముందు ఆ అట్ట ఈ గోడకి సరిపోయిందని గుర్తొచ్చింది. అప్పుడది తొంభై మూడుందని స్వయంగా కోణమానినితో కొలిచారు. ఒకే మూలకి రెండు కోణాలు ఎలా సరిపోతాయి? ఆయన చెయ్యి చాచారు. రాళ్ళబ్బాయి తన ఇనుప మూలమట్టం అందులో పెట్టాడు. నాన్న చెక్కదాన్నీ ఇనుపదాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకి ఎత్తి చూశారు.

చెక్కది మూడు డిగ్రీలు విచ్చుకుని ఉంది.

నాన్న బకెట్టు మీద కూలబడ్డారు.

"ముప్ఫై రెండేళ్ళు," అన్నారు. "ఎన్ని బ్యాచ్‌లు. వాళ్ళలో ఇంజినీర్లయినవాళ్ళు కూడా ఉన్నారే." చెక్కదాన్ని పక్కన పెట్టి, "ఆ అట్ట నేనే కత్తిరించాను బాబూ. తప్పు నాది," అన్నారు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డారో చూసి అమ్మడికి గుండె నీరైపోయింది.

రాళ్ళబ్బాయి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. "మాస్టారూ, ఒక్క మాట. నేను చాలా గోడలు చూశాను. చూపించిన మట్టానికి ఇంత కచ్చితంగా, పైనుంచి కిందిదాకా ఒక్క చోట కూడా జారకుండా కట్టించిన గోడ ఇదే మొదటిసారి చూడటం. దగ్గరుండి కట్టించకపోతే ఇలా రాదు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నాన్న తలెత్తి చూశారు. మెల్లగా మీసం కింద ఏదో కదిలింది.

"మట్టం వంకర, గోడ కాదు. అంతేనా?"

"అంతేనండీ."

అమ్మడు అప్పుడు అతని వైపు చూసింది. ఆ చూపులో వెలుగు చూసి అమ్మ పొయ్యి వెలిగించే లైటర్ కోసం వెతకడం మానేసింది.

"పందెం నువ్వే నెగ్గావమ్మడూ," అన్నారు నాన్న లేస్తూ. "నీకు మనుషుల్ని ఎంచుకోవడం వచ్చింది. నీ పెళ్ళికొడుకుని నువ్వే చూసుకో. తొందరేం లేదు, నిదానంగా చూసుకో."

రాళ్ళబ్బాయి సామాను సర్దుకున్నాడు. సంచిలోంచి చెవుల గొడుగు తీసి మర్యాదగా గోడకి ఆనించాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, తిరిగొచ్చాడు.

"మీ ప్రశ్నల కాయితం ఉందాండీ? ఒక జవాబు దిద్దుకోవాలి."

అమ్మడు తెచ్చింది.

"పద్నాలుగోది. సాకులు చెప్పలేదన్నాను. అప్పటికది నిజమే. తర్వాత చెప్పాను, రెండుసార్లు." అతని చెవులు పెన్సిళ్ళ కింద ఎర్రబడ్డాయి. "మొదటి కొలతే సరిపోయిందండీ. కొలత అనుమానంగా ఉందన్నదీ, కిటికీ పక్క చూడాలన్నదీ సాకులే. ఆ రెండుసార్లూ గోడ కోసం రాలేదు."

"మరి దేనికోసం వచ్చావ్?" అన్నారు నాన్న.

"మీరు కాసేపు ఊరుకోండి," అంది అమ్మ. "మీకు డిగ్రీలైతేనే అర్థమవుతుంది."

"ఆ రోజు షెడ్డులో నేనన్న మాట తప్పు," అంది అమ్మడు. "మిమ్మల్ని ఎంచుకోవడం తప్పు కాదు. నేను ఇంతవరకూ చేసిన పనుల్లో అదొక్కటే సరైంది." అని కాయితం కొత్త గట్టు మీద పెట్టి, అడుగున ఇరవై రెండో ప్రశ్న చేత్తో రాసి, పక్కన బుల్లి గడి గీసి, పెన్ను అతనికిచ్చింది.

'పిలవకపోయినా వస్తారా?'

అతను గడిలో టిక్కు పెట్టాడు. గడి చాలలేదు. టిక్కు ఇరవై ఒకటో ప్రశ్న మీదుగా ఇరవయ్యో ప్రశ్న దాకా పాకింది.

నాన్నకి అప్పటికి వెలిగింది. కాయితం లాక్కుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఎర్రపెన్ను తీశారు. పైన మూలన '93' అని వేసి, కింద రెండు గీతలు గీసి సంతకం పెట్టారు.

"నూటికా?" అంది అమ్మ. "ఏడెందుకు తగ్గించారు?"

"రెండు సాకులకి. ఒక్కోదానికి మూడున్నర."

"మరి ఆ సైన్సు మాస్టారి మేనల్లుడికి ఏం చెప్తారు?"

"ఏం చెప్పినా, మీరెలా అంటే అలానేనండీ అంటాడుగా," అన్నారు నాన్న, మొదటిసారి ఆ గుణాన్ని తలచుకుని సంతోషిస్తూ.

అమ్మ ఇస్త్రీ బల్ల మడిచి పక్కన పెట్టి, కొత్త గట్టు మీద మొట్టమొదటి బంగాళాదుంప తరిగింది. వ్యాను వాళ్ళు బయట హారన్ కొట్టారు. రాళ్ళబ్బాయి అందరికీ చెప్పి వీధిలోకి దిగాడు. అమ్మడు వంటింట్లోకి వచ్చి చూస్తే, గట్టు మీద సింకు పక్కన అతని టేపు ఉంది.

పరుగున వెళ్ళింది. "ఇదిగో, టేపు మర్చిపోయారు."

అతను వ్యాను తలుపు పట్టుకుని ఆగాడు. ఔనని తీసుకుంటే సరిపోయేది. కానీ ఆ మనిషి తీరే వేరు.

"మర్చిపోలేదండీ," అన్నాడు. "రేపు రావడానికని వదిలాను."